మూడు నీళ్లు, ఒకే సంపు: అపార్ట్‌మెంట్ నీటి లెక్క ఎక్కడ తప్పుతుంది

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ట్యాంకర్ల ఖర్చు పెరిగింది కాబట్టి మెయింటెనెన్స్ పెంచాలంటుంది కమిటీ. మేమిద్దరమే ఉంటాం, ఆరుగురున్న ఇంటితో సమానంగా ఎందుకు కట్టాలని ఒకరు అడుగుతారు. వాచ్‌మన్ మోటారు కట్టెయ్యడం మర్చిపోతున్నాడని ఇంకొకరు. బోరు మరో మూడొందల అడుగులు దింపిద్దామని వేరొకరు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఎవరి చేతిలోనూ అంకె లేదు. నెలకు లోపలికి ఎన్ని లీటర్లు వచ్చాయి, ఏ దారిన వచ్చాయి, ఎక్కడికి పోయాయి అన్నది తెలియకుండా వాదిస్తే, గొంతు పెద్దదైన వాళ్ల మాటే నెగ్గుతుంది.

చిక్కు మొదలయ్యేది సంపు దగ్గర. జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు మూడూ అందులోనే పడతాయి. ఒకదాని ఖరీదు దాదాపు సున్నా, ఒకదానికి కరెంటు ఖర్చు, ఒకదానికి రొక్కం. కలిశాక అన్నీ ఒకటే. అందుకే లెక్క సంపులో పడకముందే తీయాలి.

ముందుగా అవసరం ఎంతో చూద్దాం. ఇళ్లకు నీటి పథకాలు వేసేటప్పుడు మన దేశంలో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క కడతారు. 30 ఫ్లాట్లు, సగటున నలుగురు చొప్పున 120 మంది ఉన్న బిల్డింగ్ అనుకుంటే రోజుకు 16,200 లీటర్లు, నెలకు 4,86,000 లీటర్లు. మీ వాడకం దీనికి దగ్గరగా ఉంటే సమస్య సరఫరాది. ఒకటిన్నర రెట్లు ఉంటే మాత్రం కొత్త బోరు గురించి మాట్లాడే ముందు నీళ్లు పోతున్నదెక్కడో వెతకాలి. ఈ వ్యాసం చివరి వరకూ ఇదే బిల్డింగ్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

సంపునే కొలపాత్ర చేసుకోవడం

సంపు లోపలి పొడవు, వెడల్పు అడుగుల్లో కొలవండి. గోడల మందం కలపకూడదు. మధ్యలో పిల్లర్ ఉంటే ఆ మేరకు తీసేయాలి. ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. లోపలి కొలత 15 × 10 అడుగులైతే అడుగు భాగం 150 చదరపు అడుగులు. ఒక్క అంగుళం ఎత్తు నీరు 12.5 ఘనపు అడుగులు, అంటే 354 లీటర్లు. ఈ ఒక్క అంకె సంపు మూత లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టుకుంటే చాలా వాదనలు అక్కడే తేలిపోతాయి.

ఒక పొడవాటి పీవీసీ పైపు మీద అడుగు నుంచి అంగుళాల గీతలు గీయండి. తెల్ల పైపు మీద తడి ఎంతవరకు ఉందో సరిగా కనిపించదు. దించే ముందు సుద్దముక్క రుద్దితే నీళ్లు తాకినంత మేరా రంగు మారి గీత స్పష్టంగా తెలుస్తుంది.

ఇప్పుడు ట్యాంకర్ లెక్క. 5,000 లీటర్ల ట్యాంకర్ ఖాళీ అయితే ఈ సంపులో మట్టం 14 అంగుళాలు పెరగాలి. కొలిచేటప్పుడు పైకెక్కించే మోటారు కట్టేసి ఉండాలి, జలమండలి లైన్ వాల్వు, బోరు మోటారు రెండూ మూసి ఉండాలి. ట్యాంకర్ పైపు తీశాక అయిదు నిమిషాలు ఆగి, అల తగ్గాక కొలవాలి. అంగుళం తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు, ట్యాంకర్ పైపు దగ్గర కొంత కారుతుంది, కొలిచే పైపు కాస్త వంగుతుంది. వరసగా నాలుగైదు ట్యాంకర్లకు 11 అంగుళాలే పెరుగుతుంటే వచ్చింది 3,900 లీటర్లే. అప్పుడు డ్రైవర్‌తో గొడవ పడకుండా తేదీ, సమయం, ముందు మట్టం, తర్వాత మట్టం రాసిన పేజీని సరఫరాదారుకు చూపించండి. మరుసటి వారం నుంచి నిండుగా వస్తాయి.

జలమండలి లైన్‌కు మీటరు ఎలాగూ ఉంటుంది. బోరుకు సాధారణంగా ఉండదు. సంపులోకి పడే బోరు పైపుకు మీటరు బిగించడం మేలు. అది కుదిరేదాకా డ్రమ్ము పరీక్ష చేయండి. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. 150 సెకన్లు పడితే గంటకు 4,800 లీటర్లు. ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి, మోటారు వేయగానే ఒకసారి, అరగంట తిరిగాక ఇంకోసారి. వేసవిలో మొదటి అంకె బాగుండి రెండోది సగానికి పడిపోతుంది. అసలైన అంకె రెండోదే. స్టార్టర్ ప్యానెల్‌లో ఎన్ని గంటలు తిరిగిందో చూపించే చిన్న అవర్ మీటరు పెట్టిస్తే వాచ్‌మన్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడే పని ఉండదు.

రిజిస్టర్‌లో రోజూ ఒకే సమయానికి, ఉదయం ఆరుకు, ఈ నాలుగు రాస్తే చాలు: జలమండలి మీటరు, బోరు గంటలు లేదా మీటరు, వచ్చిన ట్యాంకర్లు మట్టాలతో సహా, సంపు మట్టం. సమయం మారితే లెక్క చెదురుతుంది. ఒకరోజు ఆరింటికి, మర్నాడు తొమ్మిదింటికి రాస్తే, ఆ మూడు గంటల స్నానాల నీళ్లన్నీ తప్పు రోజులో పడతాయి.

అర్ధరాత్రి మట్టం చెప్పే సంగతి

లీకులున్నాయో లేదో తేల్చడానికి ప్లంబర్ అవసరం లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు, ఒక టేపు, మెలకువగా ఉండే ఇద్దరు మనుషులు చాలు. రాత్రి ఒంటిగంటకు మోటారు కట్టేసి మట్టం కొలవండి. నాలుగింటికి మళ్లీ కొలవండి. ట్యాంకు లోపలి కొలత 10 × 8 అడుగులైతే అంగుళానికి 189 లీటర్లు. మూడు గంటల్లో మూడంగుళాలు తగ్గితే దాదాపు 570 లీటర్లు పోయినట్టు. అందరూ నిద్రపోయే వేళ ఒకరిద్దరు బాత్రూముకు లేచినా వంద లీటర్లు దాటదు. మిగిలింది లీకు. అదే వేగంతో రోజంతా పోతే 3,700 లీటర్ల పైమాట. రోజూ దాదాపు ముప్పావు ట్యాంకర్ కారిపోతోందన్న మాట.

ఎక్కడ కారుతోందో పట్టుకోవాలంటే డాబా మీద నుంచి కిందికి దిగే ఒక్కో లైన్ గేట్ వాల్వును ఒక్కో రాత్రి మూసి, ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. ఏ లైన్ మూసినప్పుడు తగ్గుదల ఆగిందో ఆ షాఫ్టులోనే (పైపులు దిగే సందులోనే) జబ్బు. ఇక్కడొక జాగ్రత్త. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వును ఒక్కసారిగా బిగిస్తే స్పిండిల్ విరుగుతుంది, లేదా పూర్తిగా మూసుకోదు. పగటిపూట కొంచెం కొంచెంగా అటూ ఇటూ తిప్పి వదులు చేసుకుని, రాత్రి పరీక్షకు దిగండి. ఇక మీదట మూడు నెలలకోసారి అన్ని వాల్వులనూ తిప్పే అలవాటు పెట్టుకోండి.

ఎక్కువ సందర్భాల్లో దొంగ దొరికేది ఫ్లష్ ట్యాంకులో. బోరు నీటి ఉప్పు వాషర్ అంచుల మీద పేరుకుంటే అది సరిగా కూర్చోదు, వెనక గోడ మీదుగా దారంలా నీరు జారుతూనే ఉంటుంది. చప్పుడుండదు, కంటికీ ఆనదు. ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ మార్చాల్సిందే. నిమిషానికి 200 మిల్లీలీటర్లు జారినా రోజుకు 288 లీటర్లు, నెలకు 8,640. ఒక వాషర్ ఖరీదుతో పోల్చి చూసుకోండి. కమిటీయే ఒక ప్లంబర్‌ను పెట్టి, ఒకే రోజు 30 ఫ్లాట్లలోనూ రంగు పరీక్ష చేయించి, వాషర్లు అసోసియేషన్ ఖర్చుతో మార్పించడం మంచిది. ఎవరింట్లో వాళ్లు చేసుకోండని నోటీసు అంటిస్తే సగం మంది చేయరు, ఆ సగంలోనే లీకులుంటాయి.

ట్యాంకు పొంగిపోవడం రెండో పెద్ద కారణం. గంటకు 9,000 లీటర్లు ఎక్కించే మోటారు ఇరవై నిమిషాలు ఎక్కువ తిరిగితే 3,000 లీటర్లు డాబా మీద నుంచి డ్రైనేజీలోకి. ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టినా సెన్సర్ తీగల మీద ఉప్పు పట్టి పనిచేయడం మానేస్తుంది, మూడు నెలలకోసారి తుడవాలి. దీనికి మించిన చిట్కా ఒకటుంది. ఓవర్‌ఫ్లో పైపును డ్రైనేజీ లైన్‌కు కలపకుండా, గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చునే చోటికి కనిపించేలా, వినిపించేలా దింపండి. పొంగితే పది మందికీ తెలుస్తుంది.

మంజీరా నీళ్లు

నగరంలో జలమండలి నీళ్లన్నిటికీ వాడుక పేరు మంజీరా. కుళాయిలోకి వచ్చేది ప్రాంతాన్ని బట్టి కృష్ణా కావచ్చు, గోదావరి కావచ్చు, సింగూరుదీ కావచ్చు. 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం కింద గృహ కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్లు ఉచితం. అపార్ట్‌మెంట్లలో ఇది ఫ్లాట్ల సంఖ్యను బట్టి లెక్కకు వస్తుంది. కానీ రెండు షరతులున్నాయి, క్యాన్ నంబరుకు (బిల్లు మీద ఉండే వినియోగదారు ఖాతా నంబరు) ఆధార్ అనుసంధానం జరగాలి, మీటరు పనిచేస్తూ ఉండాలి. చాలా బిల్డింగుల్లో నాలుగైదు ఫ్లాట్ల అనుసంధానం పెండింగ్‌లో ఉండిపోతుంది. యజమాని విదేశంలో ఉంటాడు, అద్దెకున్న వాళ్లు పట్టించుకోరు. ఆ ఫ్లాట్ల వాటా నీటికి బిల్లు వస్తుంది, దాన్ని అందరూ పంచుకుని కడుతుంటారు. బిల్లులో ఎన్ని ఫ్లాట్లకు మినహాయింపు వచ్చిందో ఒక్కసారి చూడండి.

అలాగని దీనితో ట్యాంకర్లు తగ్గిపోతాయని అనుకోవద్దు. 30 ఫ్లాట్లకు పరిమితి 6,00,000 లీటర్లు. రోజు విడిచి రోజు కాసేపు వచ్చే సరఫరాతో నెలకు 2,40,000 లీటర్లు అందితే గొప్ప. పరిమితి ఎంత ఉన్నా లైన్‌లోంచి వచ్చేదే వస్తుంది. ఆ వచ్చే కాసేపట్లో సంపు ఖాళీగా ఉండటం ముఖ్యం. సరఫరా రోజు పొద్దున్నే ట్యాంకర్ పోయించుకుంటే ఫ్లోట్ వాల్వు మూసుకుని ఉచిత నీళ్లు బయటే ఆగిపోతాయి. డబ్బిచ్చి కొన్న నీటి కోసం ఊరికే వచ్చే నీటిని వదులుకున్నట్టు. ట్యాంకర్ ఎప్పుడు పిలవాలన్నది సరఫరా సమయాన్ని బట్టి నిర్ణయించాలి. లైన్‌లో నీళ్లు రాకపోయినా, రంగు మారి వచ్చినా 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

లైన్‌కు నేరుగా మోటారు బిగించే పని మాత్రం చేయకండి, చేయనివ్వకండి. జరిమానా, మోటారు జప్తు సంగతి అలా ఉంచితే, మోటారు గుంజినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడ చిన్న పగులున్నా పక్కన నిలిచిన మురుగు లోపలికి వస్తుంది. ఆ నీళ్లు మీ సంపులోకే కాదు, వీధిలో అందరి ఇళ్లలోకీ పోతాయి.

బోరు ఇంకా దింపితే?

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన కొంత లోతు వరకు రాయి మెత్తబడి, చిల్లులు పడి నీటిని పట్టుకుంటుంది. ఆ కింద గట్టి రాయిలో పగుళ్లలో తప్ప ఎక్కడా నీరుండదు. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అందుకే 600 అడుగుల్లో ఆగిన బోరును వెయ్యికి దింపినంత మాత్రాన నీరు రెట్టింపు కాదు. ఏ పగులూ తగలకపోతే వచ్చేది రాతి దుమ్మే. తగిలినా, పక్క బిల్డింగ్ బోరు కూడా అదే పగులు మీద ఉండొచ్చు. అప్పుడు రెండు బోర్లూ ఒకే గ్లాసులో పెట్టిన రెండు స్ట్రాల్లాంటివి. పైగా నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఉన్న బోరును కాపాడుకోవడమే చవక. నీరు లేనప్పుడు మోటారును ఆపేసే డ్రై రన్ ప్రొటెక్టర్ లేకుండా వేసవిలో బోరు నడపకండి, నీరు లేకుండా తిరిగితే మోటారు వైండింగ్ కాలిపోతుంది. దాన్ని పైకి లాగి, చుట్టించి, మళ్లీ దింపే ఖర్చు ప్రొటెక్టర్ ఖరీదుకు ఎన్నో రెట్లు. ఒకేసారి మూడు గంటలు లాగేకన్నా అరగంట నడిపి, గంట ఆపి, మళ్లీ అరగంట నడిపితే పగుళ్లలోంచి నీరు ఊరే వ్యవధి దొరుకుతుంది. టైమర్ పెడితే ఈ పని అదే చేసుకుంటుంది. విశాఖ తీరంలో ఉన్న వాళ్లకు ఇంకో భయముంది. ఎక్కువగా లాగితే సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొస్తుంది, ఒకసారి వచ్చాక పోవడానికి ఏళ్లు పడుతుంది.

ఎండిపోయిన బోరును మూత లేకుండా వదిలేయడం నేరంతో సమానం. పిల్లలు పడి చనిపోయిన ఘటనల తర్వాత 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వాడని బోరును మట్టి, ఇసుక, రాళ్లతో నేలమట్టం దాకా పూడ్చాలి.

వాన నీళ్లు: ఆశ ఎంత, నిజం ఎంత

ఇంకుడు గుంత గురించి అతిగా చెప్పేవాళ్లున్నారు, కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. లెక్క వేస్తే ఇద్దరికీ జవాబు దొరుకుతుంది.

చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆవిరి, తడి, చిందడం పోగా పదింట ఎనిమిది పాళ్లు చేతికొస్తుంది. మన ఉదాహరణ బిల్డింగ్ డాబా 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు అనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 500 × 800 × 0.8 = 3,20,000 లీటర్లు. రోజుకు 16,200 లీటర్లు వాడే బిల్డింగ్‌కు ఇది దాదాపు ఇరవై రోజుల నీళ్లు. డాబా వాన ఏడాది పొడవునా బిల్డింగ్‌ను నడపదు. కానీ అవే నీళ్లు ట్యాంకర్లలో కొలిస్తే 64 ట్యాంకర్లు. వాటిని డ్రైనేజీలోకి వదిలేసి ఏప్రిల్‌లో కొనుక్కోవడం సబబు కాదు.

అన్నిటికంటే మంచి వాడకం భూమిలో ఇంకించడం కాదు, నేరుగా సంపులోకి తీసుకోవడం. ఇంకించిన నీళ్లు మన బోరుకే వస్తాయన్న హామీ లేదు, సంపులో పడినవి మాత్రం మనవే. ఒక సాయంత్రం 40 మిల్లీమీటర్లు కురిస్తే 16,000 లీటర్లు, ఒక రోజు నీళ్లు ఇంటికొచ్చినట్టు. దీనికి కావలసినవి మూడు. డాబా వాన పైపులోకి బట్టల సబ్బునీళ్లు, కూలర్ నీళ్లు కలవకూడదు. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల మురికి నీళ్లు బయటకు పోయేలా అడ్డ వాల్వు ఉండాలి, మన డాబాకు అది 500 నుంచి 1,000 లీటర్లు. ఆ తర్వాత ఇసుక, కంకర ఉన్న ఫిల్టర్ చాంబర్. ఈ నీళ్లు స్నానానికి, బట్టలకు, ఫ్లష్‌కు నిక్షేపంగా సరిపోతాయి.

సంపు నిండాక మిగిలింది ఇంకుడు గుంతకు. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మామూలుగా తవ్వే గుంత 1.5 × 1.5 మీటర్లు, లోతు 2 మీటర్లు. అడుగున సగం ఎత్తు వరకు 40 ఎం.ఎం. కంకర, దాని మీద పావు వంతు 20 ఎం.ఎం. కంకర, ఆపైన పలచగా ముతక ఇసుక, పైన పావు వంతు ఖాళీ. కంకర మధ్య సందులు నూటికి నలభై పాళ్లనుకున్నా, ఈ గుంత ఒక్కసారికి పట్టేది సుమారు 2,500 లీటర్లు. గంటలో 16,000 లీటర్లు దిగే డాబాకు ఇలాంటిది ఒకటి తవ్వి ఊరుకుంటే మిగతాదంతా పొంగి పార్కింగ్‌లో నిలుస్తుంది. దాంతో గుంత పనికిరాదని తేల్చేస్తారు. పనికిరాక కాదు, కొలత చాలక.

తవ్వడానికి ముందు నేలను పరీక్షించండి. అనుకున్న చోట రెండడుగుల చిన్న గుంత తీసి, ఒకసారి నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో చూడండి. ఎర్రమొరం నేల గబగబా తాగుతుంది. నల్లరేగడి అయితే నీళ్లు అలాగే నిలబడతాయి, అక్కడ మామూలు గుంతకు డబ్బు పెట్టకండి. రేగడి పొర దాటి మొరం తగిలే దాకా గుంత అడుగు నుంచి సన్నటి బోరు వేసి కంకరతో నింపాలి.

గోడ పునాదికి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో తవ్వండి. సెప్టిక్ ట్యాంకు, మురుగు మ్యాన్‌హోల్ పక్కన అసలే వద్దు. పార్కింగ్ కడిగిన నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ గుంతలోకి పోకూడదు. ఇంజిన్ ఆయిల్, డిటర్జెంట్ నేరుగా మీ బోరు తాగే నీటిలో కలుస్తాయి. వాన పైపును బోరు కేసింగ్‌లోకి గుచ్చేయడం ఇంకా ప్రమాదం, బురద పగుళ్లను పూడుస్తుంది, సూక్ష్మక్రిములు నేరుగా భూగర్భానికి చేరతాయి. కేసింగ్ చుట్టూ గుంత తీసి, కేసింగ్‌కు చిల్లులు వేసి నైలాన్ మెష్ చుట్టి, కంకర ఇసుకలతో నింపి, వడకట్టిన నీళ్లే చిల్లుల్లోంచి దిగేలా చేయడం సరైన పద్ధతి. కేసింగ్ పైమూత మాత్రం ఎప్పుడూ బిగించే ఉండాలి.

గుంత చచ్చిపోయేది పై ఇసుక పొరలో. రెండు వర్షాకాలాలు గడిచేసరికి సన్నటి ఒండ్రు ఇసుక సందులన్నీ మూసేస్తుంది. ఏటా మే చివర్లో పై నాలుగైదు అంగుళాల ఇసుక తీసి, కడిగి లేదా కొత్తది వేసి, డాబా ఊడ్చి, పైపుల జాలీలు శుభ్రం చేయాలి. గుంత మీద సిమెంటు స్లాబు పోసి టైల్స్ వేసిన బిల్డింగులున్నాయి. తెరవడానికి వీల్లేని గుంతను శుభ్రం చేయడమూ వీలుకాదు.

తాగే నీళ్ల సంగతి

ట్యాంకర్ నీళ్లు ఎక్కువగా శివార్లలోని బోర్లవి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు చూపించే అంకె కరిగిన లవణాలది మాత్రమే, క్రిముల సంగతి దానికి తెలియదు. తాగునీటి ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. కాఠిన్యం 200 లోపు, గత్యంతరం లేనప్పుడు 600. నైట్రేటు 45 దాటకూడదు, దాటిందంటే మురుగు కలుస్తోందేమోనని అనుమానించాలి. ఫ్లోరైడ్ 1 లోపు, హద్దు 1.5. నల్గొండ ఫ్లోరైడ్ గోస మనందరికీ తెలిసిందే. శివారు బోర్ల విషయంలోనూ పరీక్ష చేయించకుండా నమ్మకం పెట్టుకోలేం. ఏటా వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి ల్యాబ్ పరీక్ష చేయించండి, క్రిముల పరీక్షతో కలిపి.

జలమండలి నీటిలో ఉండే క్లోరిన్, సంపులో ట్యాంకర్ నీళ్లు కలవగానే వాటిలోని మలినాల మీద ఖర్చయిపోతుంది. వంటింటికి విడిగా మంజీరా లైన్, దానికో చిన్న సంపు, డాబా మీద చిన్న ట్యాంకు ఉన్న బిల్డింగులు అదృష్టవంతులవి. ఆ లైన్‌ను ఏ వేసవి అత్యవసరంలోనూ ట్యాంకర్ నీళ్లతో కలపకండి. అన్నీ ఒకే సంపులో పడే చోట బ్లీచింగ్ వేయాల్సిందే. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 20,000 లీటర్లకు 50 గ్రాములు. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్‌లో కలిపి పది నిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది, పైతేట మాత్రమే సంపులో పోయాలి. అరగంట తర్వాత కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి, క్లోరోస్కోప్ అనే చిన్న పరీక్ష కిట్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు చెబుతుంది. రంగు రాకపోతే మోతాదు పెంచే ముందు పొడి పాతదేమో చూడండి. మూత తీసి పెట్టిన బ్లీచింగ్ కొన్ని వారాల్లోనే సత్తువ కోల్పోతుంది.

సంపు కడిగించేటప్పుడు ప్రాణాలు పోవడం ఏటా వింటున్నాం. రెండే కారణాలు: కరెంటు, గాలి. లోపల మనిషి ఉండగా సబ్‌మెర్సిబుల్ మోటారు తిరగకూడదు. మెయిన్ ఫ్యూజు తీసి, ఆ ఫ్యూజు కమిటీ సభ్యుడి జేబులో ఉండాలి. డీజిల్, పెట్రోల్ పంపు సంపులోకి దించకూడదు, దాని పొగ నిమిషాల్లోనే మనిషిని పడగొడుతుంది. మూతలన్నీ కొన్ని గంటల ముందే తెరిచి ఉంచాలి. లోపలి మనిషి నడుముకు తాడు, పైన దాన్ని పట్టుకుని కదలకుండా కూర్చునే ఇంకో మనిషి తప్పనిసరి. లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని వెంటనే ఇంకొకరు దూకకూడదు, తాడుతో లాగాలి. సెప్టిక్ ట్యాంకులోకైతే రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, అక్కడ యంత్రాన్నే పిలవాలి. సంపు మూతకు తాళం మిగతా రోజుల్లోనూ ఉండాలి, పిల్లలు ఆడుకునే చోటు అదే.

ఇక డబ్బులు ఎలా పంచాలి

నెల లెక్క ఇలా వచ్చిందనుకోండి: జలమండలి 2,40,000 లీటర్లు, బోరు 60,000, ట్యాంకర్లు 40, అంటే 2,00,000. మొత్తం 5,00,000. ట్యాంకర్ 900 రూపాయలనుకుంటే ఖర్చు 36,000. సమానంగా పంచితే ఫ్లాటుకు 1,200. ఇద్దరున్న ఇంటికి కోపం రావడంలో న్యాయముంది. చదరపు అడుగుల లెక్కన పంచడం ఇంకా అన్యాయం, హాలు పెద్దదైనంత మాత్రాన స్నానాలు ఎక్కువ కావు.

కీలకం ఇక్కడుంది. చవక నీళ్లు, అంటే జలమండలివీ బోరువీ కలిపి 3,00,000 లీటర్లు, ఎవరు వాడినా వాడకపోయినా వస్తాయి. దానికి మించి వాడిన ప్రతి లీటరూ ట్యాంకర్ లీటరే, 18 పైసలు. కాబట్టి చవక నీళ్లను మనుషుల లెక్కన పంచి, పైన వాడిన దానికి ట్యాంకర్ ధర వేయాలి. 120 మందికి తలా 2,500 లీటర్లు. ఇద్దరున్న ఇల్లు 7,000 వాడితే పైన వాడింది 2,000, కట్టేది 360 రూపాయలు. ఆరుగురి ఇల్లు 21,000 వాడితే పైన 6,000, కట్టేది 1,080. పెద్ద కుటుంబానికీ 1,200 కంటే తక్కువే. మిగతా భారమంతా పడేది మనిషికి లెక్కకు మించి వాడే ఇళ్ల మీద. నెలకు 8,640 లీటర్లు కారే ఆ ఫ్లష్ ట్యాంకు యజమానికి 1,555 రూపాయలు పడతాయి, వాషర్ ఆ వారమే మారుతుంది. కొందరు తమ వాటా కూడా పూర్తిగా వాడకపోతే వసూలు ఖర్చు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది, ఆ మిగులును లీకు మరమ్మతుల కోసం విడిగా పెట్టండి. మోటారు మరమ్మతు, సంపు శుభ్రత, నీళ్లు పైకెక్కించే కరెంటు మాత్రం అందరికీ సమానం, తాళం వేసిన ఫ్లాటుకు కూడా.

దీనికి ఇంటింటికీ మీటర్లు కావాలి, చిక్కు అక్కడే. మన బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాటుకు నీళ్లు ఒకే పైపు నుంచి రావు. వంటింటికి ఒక షాఫ్టు, రెండు బాత్రూములకు రెండు, వాషింగ్ ఏరియాకు ఇంకొకటి. అంటే ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు, 30 ఫ్లాట్లకు వంద దాకా. బేరమాడి ఒకేసారి కొనాలి, ఒకే రకం కొనాలి. ప్రతి మీటరు ముందు వాల్వు, జాలీ ఫిల్టర్ ఉండాలి, లేకపోతే ఉప్పు పొలుసులు లోపలి చక్రాన్ని ఆపేస్తాయి. పై అంతస్తుల్లో ఒత్తిడి తక్కువ, సన్నగా కారే నీటిని మామూలు చక్రం మీటరు లెక్కపెట్టదు. కొనేముందు అది ఎంత తక్కువ ప్రవాహం నుంచి కదలడం మొదలుపెడుతుందో అడగండి. కింది అంతస్తుల్లో ఒత్తిడి ఎక్కువై కుళాయిలు విరజిమ్ముతుంటే ఆ లైన్ వాల్వు కొంత మూస్తే వాడకం దానంతటదే తగ్గుతుంది. వంద మీటర్ల ఖర్చు భరించలేని వాళ్లు డాబా మీద ఒక్కో షాఫ్టు లైన్‌కు ఒక్కో పెద్ద మీటరు పెట్టుకోవచ్చు. దానితో ఇంటింటి బిల్లు రాదు, ఏ వరుసలో నీళ్లు పోతున్నాయో మాత్రం తేటతెల్లమవుతుంది.

మీటర్లు పెట్టిన మొదటి నెలే వసూళ్లు మొదలుపెట్టకండి. మూడు నెలల పాటు ప్రతి ఇంటికీ బిల్లు ఇవ్వండి, డబ్బులు మాత్రం పాత పద్ధతిలోనే తీసుకోండి. తిరగబడి బిగించిన మీటర్లు, ఒకరిది ఇంకొకరికి కలిసిన పైపులు, ఎప్పటినుంచో కారుతున్న ఫ్లష్ ట్యాంకులు ఆ మూడు నెలల్లో బయటపడతాయి. నాలుగో నెల ఒకటో తేదీ ఉదయం ఆరింటికి, కమిటీ నుంచి ఒకరు, ఆ ఇంటివాళ్లు ఒకరు పక్కపక్కన నిలబడి మొదటి రీడింగ్ రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి.